ఎండిన సీమలో ఎన్ని వింతలో!

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే బస్సు బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది. కింద ఉక్కపోత, పైన చల్లదనం. విచిత్రమేమిటంటే, అంత ఎత్తు ఎక్కిన బస్సు మళ్లీ దిగదు. ఎక్కింది కొండ కాదు మరి, పీఠభూమి! పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, దక్షిణాన కొసన ఉన్న కుప్పం... అన్నీ మైసూరు పీఠభూమి అంచున, సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున కూర్చున్న ఊళ్లే.

చల్లగా ఉంటుంది సరే, నీళ్లో? అదే ఇక్కడి బాధ. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వానలు పడే జిల్లాగా పేరుపడ్డ అనంతపురం ఈ సీమకు పొరుగే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలో పెద్ద వాటా ఘాట్ కిందివాళ్లది. చెరువు నిండితే పంట, లేదంటే బోరు. బోరు వెయ్యి అడుగులు దిగినా తడి తగలకపోతే బెంగళూరు బస్సు. తరతరాలుగా ఇదే కథ. అయినా ఇది ఏమీ లేని సీమ అనుకుంటే పొరపాటే. ఈ పొడి నేల, పొడి గాలి రప్పించుకున్నవి, పెంచుకున్నవి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

గాలే మందు

క్షయకు మందు లేని రోజులవి. రోగం వచ్చిందంటే చేయగలిగింది మూడే... విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి. తేమ లేని గాలి, మరీ మండని ఎండ ఉన్న చోటు కోసం వెతికిన క్రైస్తవ మిషన్లు మదనపల్లె పొలిమేరను ఎంచుకున్నాయి. అనేక మిషన్లు కలిసి 1912లో తలపెట్టిన శానటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు స్థిరపడింది. రైతుకు శాపమైన పొడి వాతావరణం రోగికి వరమైందన్నమాట!

కథ అక్కడితో ఆగలేదు. ఈరోజు దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ వేసే బీసీజీ టీకా ఉంది కదా... 1948లో మన దేశంలో ఆ టీకా కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి టీకా ఎంతవరకు పనిచేస్తోందో ఏళ్ల తరబడి పరిశీలించారు. ఇక్కడి ఫలితాలను ప్రపంచమంతటా వైద్యులు చదువుకున్నారు. అప్పట్లో ఈ టీకా అంటే అనుమానాలూ తక్కువేం కాదు. రాజాజీ అంతటి పెద్దమనిషే 1955లో దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అలాంటి కాలంలో, సంగటి ముద్ద తిని పొలానికి పోయే పల్లె జనం చేయి చాపి సూది వేయించుకున్నారు. శాస్త్రానికి వాళ్లు చేసిన ఈ సాయం గురించి మాట్లాడేవాళ్లు అరుదు.

శానటోరియం తెరిచిన 1915లోనే అనీబిసెంట్ చొరవతో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వచ్చింది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాల్. దక్షిణాది పర్యటనలో అలసిన రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో కొద్ది రోజులు విశ్రాంతి తీసుకుందామని ఇక్కడికి వచ్చారు. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు తాను బెంగాలీలో రాసిన పాట పాడారు. అదే జనగణమన! 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి వినిపించిన ఆ గీతాన్ని ఇక్కడే, ఫిబ్రవరి 28న, ఠాగూర్ స్వయంగా ఇంగ్లిషులోకి మార్చారు. ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి రాశారు. ఆ తర్వాత 1927లో అఖిల భారత మహిళా సభకు పునాది వేసిందీ ఆమే. జాతీయగీతం అనగానే కలకత్తా, ఢిల్లీ గుర్తొస్తాయి. మదనపల్లెను తలుచుకునేవాళ్లు ఎందరు?

మరో పేరు కూడా ఈ ఊరిదే. జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో ఇక్కడే పుట్టారు. ఆయన పేరు వినగానే గుర్తొచ్చే రిషీవ్యాలీ బడి మదనపల్లెకు దగ్గర్లోని ఒక లోయలో ఉంది. 1920లలో స్థలం చూసినప్పుడు అక్కడ ఉన్నది రాళ్లగుట్టలు, ముళ్లపొదలు, ఒక పెద్ద మర్రిచెట్టు. ఏళ్ల తరబడి మొక్కలు నాటి, వాన నీటిని నిలిపి, పశువుల మేపు ఆపేసరికి లోయ పచ్చబడింది. చెట్లు రాగానే పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణ భారతంలోని రాళ్లగుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని పసుపు గొంతు బుల్‌బుల్ పిట్ట ఇక్కడా ఉంది, పక్కనే ఉన్న హార్స్‌లీ హిల్స్ మీదా ఉంది. అన్నట్టు హార్స్‌లీ అనేది కడప కలెక్టర్‌గా పనిచేసిన దొర పేరు. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోనే ఉండేది. ఎండాకాలం తట్టుకోలేక దొర కొండ మీద బంగళా కట్టుకున్నారు, పేరు ఆయనకు పోయింది. అంతకుముందు నుంచీ జనం పిలిచే పేరు మాత్రం ఏనుగు మల్లమ్మ కొండ.

ఇక మదనపల్లె టమోటా గురించి కొత్తగా చెప్పేదేముంది? 2023 జులైలో ఇక్కడి మార్కెట్‌లో కిలో ధర రెండొందలకు చేరువైతే దేశమంతా వార్త అయింది. కోత కూలి కూడా రాక రైతులు గంపలకొద్దీ రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లు మాత్రం స్థానిక పేజీ దాటలేదు.

మూడడుగుల కామధేనువు

పుంగనూరు పేరు చెప్పగానే ఆవు గుర్తొస్తుంది. ఒకప్పుడు ఇది జమీందారీ సంస్థానం. ఈ చుట్టుపక్కల పెరిగిన పొట్టి ఆవులకు ఊరి పేరే స్థిరపడింది. ఎత్తు రెండున్నర నుంచి మూడు అడుగులు. బరువు 115 నుంచి 200 కిలోలు. వెడల్పాటి నుదురు, చిన్న కొమ్ములు, నేలను తాకే తోక. పక్కన నిలబడితే మనిషి నడుము దాటదు. ప్రపంచంలోనే అతి పొట్టి పశుజాతుల్లో ఇదొకటి.

ఎందుకింత పొట్టి? ఈ నేలను చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. గడ్డి తక్కువ, నీళ్లు తక్కువ. పెద్ద ఒళ్లు పోషించుకోలేని చోట చిన్న ఒళ్లే బతుకుతుంది. ఎండుగడ్డి వేసినా, గట్ల మీద దొరికింది మేసినా సరిపెట్టుకుంటుంది. పాలు రోజుకు మూడు లీటర్లకు అటూ ఇటూ. కానీ చిక్కదనం చూడాలి! మామూలు ఆవు పాలలో వెన్న మూడు, నాలుగు శాతం. దీని పాలలో ఎనిమిది దాకా ఉంటుందని పేరు.

ఇంత మంచి ఆవు కనుమరుగయ్యే దశకు ఎందుకొచ్చింది? పాలకేంద్రం లీటర్లు లెక్కపెడుతుంది, చిక్కదనాన్ని కొంతవరకే చూస్తుంది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతులు ఊళ్లలోకి వచ్చాక రోజుకు పది, పన్నెండు లీటర్లు పిండే ఆవు ముందు ఈ పొట్టిది నిలబడలేకపోయింది. రైతును తప్పుపట్టలేం, పిల్లల ఫీజులు పాల డబ్బుతోనే కట్టాలి. పలమనేరు పశు పరిశోధన కేంద్రం మందను కాపాడకపోయి ఉంటే జాతి మిగిలేదా అన్నది అనుమానమే. ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పిండాల మార్పిడి వంటి పద్ధతులతో సంఖ్య పెంచే పని చేస్తోంది.

2024 జనవరిలో సంక్రాంతినాడు ప్రధాని నరేంద్ర మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న దృశ్యాలు వచ్చాక గిరాకీ ఎక్కడికో పోయింది. ధర లక్షల్లో పలుకుతోంది. నగరాల్లో బంగళాల పచ్చిక మీద తిరుగుతోంది. జాతి మిగలడం సంతోషమే. కానీ కరవు రైతు కోసం పుట్టిన ఆవును కరవు రైతు కొనలేకపోవడమేమిటి? సంకర జాతి ఆవుకేమో పచ్చిమేత కావాలి, పచ్చిమేతకు బోరు కావాలి. లెక్క మళ్లీ నీళ్ల దగ్గరికే వస్తుంది.

మూడు రాష్ట్రాల ముంగిట

పుంగనూరు నుంచి దక్షిణంగా, పలమనేరు మీదుగా అడవి దారిలో పోతే కుప్పం. ఒకపక్క కర్ణాటక, మరోపక్క తమిళనాడు. సంతలో బేరం తెలుగులో మొదలై అరవంలో సాగి కన్నడంలో తెగుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడే పెట్టడానికి కారణం ఈ ఇరుగుపొరుగే. ఆంధ్రప్రదేశ్ తలపెడితే తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు చేయి కలిపాయి. తిండిలోనూ సరిహద్దులు లేవు. చలికాలం వస్తే అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పైపొట్టు పితికి వండే పితికిపప్పు పులుసు, పక్కన రాగి సంగటి... కోలారులోనూ, కుప్పంలోనూ అదే రుచి.

కోలారు బంగారం కూడా సరిహద్దు దగ్గర ఆగలేదు! ఆ గనుల రాతి పొర దక్షిణంగా సాగి కుప్పం పక్కన గుడుపల్లె మండలంలోకి వచ్చింది. చిగరగుంట, బిసానత్తంలలో భారత్ గోల్డ్ మైన్స్ బంగారం తవ్వేది. 2001లో ఆ సంస్థ మూతపడటంతో ఇక్కడి పని కూడా ఆగిపోయింది.

బంగారం సంగతి అలా ఉంటే, నీటి చుక్కను బంగారంలా వాడటం నేర్చుకోవడానికి కుప్పం ఏకంగా ఎడారి దేశాన్నే పిలిచింది. 1989 నుంచి ఇక్కడ గెలుస్తున్న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న 1990ల రెండో సగంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో బిందుసేద్యం ప్రదర్శన క్షేత్రం పెట్టారు. ఖర్చెంత, ఫలితమెంత, చిన్న రైతుకు అందుతుందా అని ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. వాదన ఎటు తేలినా, డ్రిప్పు పైపు మాత్రం కూరగాయల మడుల్లో పాతుకుపోయింది.

పిలవకుండా వచ్చిన అతిథులు మరొకరున్నారు... ఏనుగులు. సుమారు రెండు వందల ఏళ్లపాటు ఈ అడవుల్లో ఏనుగన్నదే లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు నడుచుకుంటూ వచ్చి ఇక్కడే నిలిచిపోయాయి. వాటి కోసమే 1990 డిసెంబరులో సుమారు 357 చదరపు కిలోమీటర్లలో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. ఏనుగుకు రాష్ట్రాల హద్దులు తెలియవు, చెరకు తోట మాత్రం బాగా తెలుసు. అడవి అంచు పల్లెల్లో పంట చేతికొచ్చే వేళ రాత్రంతా డప్పులు, టపాసులతో కాపలా. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. రెండిటినీ దాటే ఉపాయాలు ఏనుగులు కనిపెట్టాయి. పంటలే కాదు, ప్రాణాలూ పోయాయి... అటు మనుషులవీ, ఇటు కరెంటు తీగలు తగిలి ఏనుగులవీ. 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు.

ఈ సీమలో నది లేదనుకునేరు. పాలారు ఉంది! కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు నడిచి, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారుతుంది. దాని నీళ్ల మీద పంచాయితీ 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం నాటిది. 2006లో గణేశపురం దగ్గర ఆనకట్ట కట్టాలని ఆంధ్రప్రదేశ్ అనుకోగానే తమిళనాడు సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఏటిలో నీళ్లు పారేది ఏ నాలుగు రోజులో, కేసులు మాత్రం ఏడాది పొడవునా!

చివరికి కుప్పానికి నీళ్లిచ్చిన నది పక్కింటిది కాదు. శ్రీశైలం దగ్గర కృష్ణ నీటిని ఎత్తి, మెట్టు మెట్టుగా పంపులతో పైకి తోసి, రాయలసీమ పొడవునా హంద్రీ నీవా కాలువల్లో నడిపించి, కుప్పం బ్రాంచి కాలువ దాకా తెచ్చారు. ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2025 ఆగస్టులో మరో ముఖ్యమంత్రి ఆ నీటికి స్వాగతం పలికారు. ఎవరి ఘనత ఎంతో నాయకులు తేల్చుకుంటారు. రైతులు అడుగుతున్నది వేరు... ఏటా వస్తాయా, ఎన్ని చెరువులు నిండుతాయి అని.