కోళ్ళ గూట్లో ఫోటో స్టూడియో

ఇంగ్లండుకు దక్షిణాన సముద్రంలో వైట్ ద్వీపమని ఒక చిన్న లంక వున్నది. లిమింగ్టన్ రేవులో ఓడ యెక్కితే గంట లోపలే ఆ ద్వీపంలోని యార్మత్ రేవు చేరవచ్చు. అక్కణ్ణించి మరికొంచెం దూరం పోతే ఫ్రెష్‌వాటర్ అనే వూరు వస్తుంది. ఆ మాటకు మంచినీళ్ళని అర్థం. కాని వూరికి యెదురుగా వున్నదంతా ఉప్పు సముద్రమే! ఒడ్డున సుద్దకొండలు గోడ కట్టినట్టు తెల్లగా, నిటారుగా నిలబడి వుంటాయి.

ఆ ఒడ్డుకు దగ్గిరలోనే, నడుమ బురుజు వున్న ఒక పెద్ద ఇల్లు కనిపిస్తుంది. దాని పేరు డింబోలా. నిజానికవి పక్కపక్కనే వున్న రెండు ఇళ్ళు. 1860 లో జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడ వాటిని కొని, మధ్య బురుజు కట్టించి, ఒకటిగా కలిపింది. ఆవిడ పుట్టింది మన కలకత్తాలోనే, 1815 లో. భర్తకు సింహళంలో కాఫీ తోటలుండేవి. ఒక తోట పేరే ఈ ఇంటికి పెట్టుకున్నారు.

1863 చివర భర్త సింహళం వెళ్ళి వుండగా, ఒంటరిగా వున్న తల్లికి పొద్దుపోతుందని కూతురూ అల్లుడూ ఒక కెమేరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆవిడకు 48 యేళ్ళు. ఫోటో తీయటంలో ఓనమాలు కూడా రావు. అయినా బొగ్గుల కొట్టును చీకటి గదిగా మార్చేసింది. పెరట్లో అద్దాలు బిగించిన కోళ్ళ గూడు ఒకటి వుండేది. కోళ్ళన్నిటినీ వదిలిపెట్టి దాన్ని స్టూడియో చేసింది. ఆ కోళ్ళు యెవరి పళ్ళెంలోకీ చేరలేదనే ఆవిడ నమ్మకం. మనమూ నమ్ముదాం!

ఆ రోజుల్లో ఫోటో తీయటమంటే మీట నొక్కటం కాదు. గాజు పలకమీద కలోడియన్ అనే జిగురుమందు పోసి, అంతటా సమంగా పరుచుకునేట్టు వంచాలి. తరవాత చీకటి గదిలో దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావకంలో ముంచాలి. తడి ఆరకముందే కెమేరాలో పెట్టి ఫోటో తీసి, మళ్ళీ చీకటి గదికి పరుగెత్తి మందులతో కడగాలి. ఆలస్యమైతే పలక పాడైనట్టే. పైగా సిల్వర్ నైట్రేట్ తగిలిన చోటల్లా చెయ్యి నల్లబడుతుంది.

మొట్టమొదట ఒక రైతుకు కూలి యిచ్చి మరీ కూర్చోబెట్టింది. తీరా బొమ్మ వచ్చాక, తడి పలకకు ఆవిడ చెయ్యి రాసుకుని అది కాస్తా చెరిగిపోయింది. ఇంకోసారి ఇద్దరు పిల్లలను పెడితే, సరిగా సమయానికి ఒకరు పక్కున నవ్వేశారు. 1864 జనవరిలో ఆనీ అనే పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, కదిలితే యెంత మందు, యెంత శ్రమ వృథా అవుతుందో వివరంగా చెప్పింది. పిల్ల కదలలేదు. బొమ్మ నిలిచింది! ఈ పిల్లకు యేమిద్దామా అని ఆవిడ ఇల్లంతా వెతికిందట. ఆ రోజే బొమ్మకు చట్రం కట్టి ఆనీ నాన్నకు పంపింది.

ఇక ఇంట్లోవాళ్ళకు సుఖం లేదు. పనిపిల్ల మేరీ హిల్లియర్ మరియమ్మ అయింది. మనవరాళ్ళ వరస పిల్లలకు హంస రెక్కలు కట్టి దేవదూతలను చేసింది. ఆ ఫోటోల్లో పిల్లల మొహాలు దిగులుగా వుంటాయి. బరువైన రెక్కలు మోస్తూ కదలకుండా వుండమంటే యెవరు మాత్రం నవ్వుతారు? పొరుగున వున్న టెన్నిసన్ కవి తన ఆర్థర్ రాజు కథలకు బొమ్మలు కావాలని అడిగితే, తెల్లగడ్డం వున్న భర్తనే మాంత్రికుడు మెర్లిన్‌గా నిలబెట్టింది. ఆయనకేమో నవ్వు ఆగేది కాదు. యెన్ని పలకలు పాడయ్యాయో!

ఒక్కొక్క ఫోటోకు మూడునుంచి యేడు నిమిషాలు పట్టేదట. మామూలు స్టూడియోల్లో తల కదలకుండా మెడ వెనక ఇనప పట్టీ పెట్టేవారు. ఆవిడ పెట్టలేదు. వెలుతురు కూడా అన్నివైపులనుంచీ రానిచ్చేది కాదు. అద్దాలకు గుడ్డలు కట్టి, ఒక పక్కనుంచే రానిచ్చేది. అప్పుడు మొహంలో సగం వెలుగు, సగం నీడ పడి, బొమ్మకు గుండ్రదనం వస్తుంది. 1867 లో ఖగోళ శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్‌ను తీసేటప్పుడు, ఆయన చేత తలంటు పోయించి, తెల్ల జుట్టు రేగి వుండగా తీసిందని చెబుతారు. నల్లని చీకట్లో ఆ జుట్టు వెలుగుతున్నట్టే వుంటుంది.

బొమ్మలు మసకగా వున్నాయని చాలామంది నవ్వారు. కొంత తప్పు కెమేరా కటకానిది. ఆ పలకలు ముఖ్యంగా నీలికాంతికే లొంగేవి. కంటికి స్పష్టంగా కనిపించిన చోట ఆ నీలికాంతి సరిగా కుదిరేది కాదు. కాని మరికొంత ఆవిడ కావాలని చేసిందే. కంటికి అందంగా కనిపించగానే కటకం తిప్పటం ఆపేసేది. నన్నడిగితే, ఆనాటి స్పష్టమైన ఫోటోలకన్న ఇవే ప్రాణమున్నట్టు వుంటాయి. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం 1865 లోనే వాటిని కొన్నది.

1875 లో దంపతులు సింహళం వెళ్ళిపోయారు. అక్కడ తోట కూలీలను కూడా ఫోటోలు తీసి, 1879 లో ఆవిడ కన్నుమూసింది. 1990 ల మొదట్లో డింబోలాను పడగొట్టబోతుంటే, అభిమానులు కలిసి కాపాడి మ్యూజియం చేశారు.

మీ ఇంట్లో ఫోన్ కెమేరా అయినా వుంటుంది గదా! తాతయ్యనో అమ్మమ్మనో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మిగతా కిటికీలూ దీపాలూ మూసేయండి. వెనక ముదురు రంగు దుప్పటి కట్టండి. చేతులు స్టూలుమీద ఆనించి, మొహం నిండుగా కనిపించేదాకా దగ్గిరికి వెళ్ళండి. నీడ మరీ నల్లగా వుంటే, అటుపక్కన తెల్లకాగితం పట్టుకుంటే చాలు. ఆ తరవాత మీ తమ్ముణ్ణి అదే చోట కూర్చోబెట్టి, మూడు నిమిషాలు కదలకుండా వుండగలడేమో గడియారం పెట్టి చూడండి.