మాయాబజార్‌కి వేడి గారెలు వద్దు

సెలవు రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని పాత సినిమా చూస్తూ భోంచేద్దామంటే కాదనేవాళ్లెవరుంటారు చెప్పండి! చిక్కల్లా ఒక్కటే. ఆ ఇంటిల్లిపాదిలో వండే మనిషి ఉండదు. మంచి పాట మొదలయ్యే సరికి "అమ్మా, ఇంకో రెండు గారెలు" అని కేక వినిపిస్తుంది. మూకుడు ముందు నిలబడ్డ మనకి పాట వినపడుతుంది గానీ బొమ్మ కనపడదు. మీ ఇంట్లోనూ ఇంతే కదూ?

అందుకని నేనో పద్ధతి పెట్టుకున్నాను. ఏ సినిమాకి ఏ వంట బావుంటుందన్నది తర్వాతి మాట. తెర మీద పేర్లు పడే వేళకి స్టవ్ ఆర్పేసి నేనూ వచ్చి కూర్చోగలనా, లేదా? ముందు అది చూసుకుంటాను.

'మాయాబజార్' సంగతే తీసుకోండి. 1957లో కె.వి.రెడ్డిగారు తీసిన ఈ సినిమా పేరెత్తగానే అందరికీ ఘటోత్కచుడి భోజనమే గుర్తొస్తుంది. ఎస్.వి.రంగారావుగారి ముందు పళ్లేలకు పళ్లేలు ఖాళీ అయిపోవడం, లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడటం! కంప్యూటర్లు లేని రోజుల్లో మార్కస్ బార్ట్లే కెమెరాతో చేసిన గారడీ అది. (2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. నన్నడిగితే నలుపు తెలుపే అందం.) అది చూస్తుంటే ఎవరికైనా గారెలూ బూరెలూ తినాలనిపిస్తుంది. కానీ గారె వేడి మీదే రుచి. మరి వేయించేదెవరు?

అందుకే ఆవడలు చేస్తాను. మధ్యాహ్నమే గారెలు వేసి, గోరువెచ్చటి నీళ్లలో ఒక్కసారి ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, తాలింపు పెట్టిన పెరుగులో వదిలేయడమే. పెరుగు కమ్మగా ఉండాలి, కాస్త పల్చగా చిలకాలి. రెండు గంటలు నానితే గారె దూదిలా అవుతుంది. పులిహోర కూడా అంతే, చేసిన గంటకన్నా మూడు గంటలకి బావుంటుంది. అరకిలో బియ్యానికి డెబ్బై అయిదు గ్రాముల చింతపండు మా ఇంటి కొలత. అన్నం పలుకుగా వండి, పళ్లెంలో ఆరబోసి, పసుపూ నూనే కలిపి, ఆ తర్వాతే పులుసు పట్టించాలి. గుమ్మడికాయ, ఆనపకాయ వేసిన దప్పళం వడ్డించే ముందు ఒక్క పొంగు వస్తే చాలు. సగ్గుబియ్యం పాయసం చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి ఒక గ్లాసు కాచిన పాలు పక్కన ఉంచుకోండి. అప్పడాలు వేయించి మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టేస్తాను.

గోంగూర పచ్చడి మాత్రం మరవకండి. కౌరవుల పక్షాన వచ్చిన శర్మ, శాస్త్రి గోంగూర గురించి ఎంత హడావుడి చేస్తారో చూశారుగా! ముందు రోజు నూరి పెట్టుకుంటేనే దానికి రుచి.

సినిమా మూడు గంటల పైనే. భోజనం పాట సగం దాటాక గానీ రాదు. సాయంత్రం ఆరున్నరకి మొదలుపెడితే ఎనిమిదిన్నర ప్రాంతంలో కంచాలు పెట్టొచ్చు. ఈలోపు పిల్లలకి తలో గుప్పెడు మరమరాలు ఇవ్వండి. ఇంకోమాట, సినిమా చూస్తూ తినేటప్పుడు చేపల పులుసు జోలికి పోకండి. ముళ్లు చూసుకోవాలంటే కళ్లు కంచం మీదే పెట్టాలి.

నాకీ పట్టుదల ఎందుకంటే, మా అమ్మ వల్ల. నా చిన్నప్పుడు, అంటే ఎనభైల చివర్లో, దూరదర్శన్‌లో వారానికో తెలుగు సినిమా వచ్చేది. మా వీధిలో టీవీ ఉన్న ఇళ్లు తక్కువ. మా హాలు నిండా జనం. అందరికీ మంచినీళ్లు, టీలు, ఆ తర్వాత మా అందరికీ అన్నాలు. అమ్మకి డైలాగులన్నీ నోటికొచ్చు, ఎవరి గొంతు ఏదో ఇట్టే చెప్పేది. చూసి నేర్చుకున్నదనే అనుకున్నాను. రెండేళ్ల క్రితం మా ఇంటికొచ్చినప్పుడు 'మాయాబజార్' పెట్టి, ఆవిణ్ణి సోఫాలో మధ్యన కూర్చోబెట్టాను. మాయా శశిరేఖ పెళ్లి ముచ్చట పాడుకునే పాటలో సుశీలగారి గొంతు మధ్యలో ఘంటసాలగారి గొంతు వస్తుంది కదా, అక్కడ అమ్మ ఒక్కసారి ముందుకి వంగింది.

"ఇదేమిటే, ఇక్కడ ఉన్నది సావిత్రేనా? రంగారావొచ్చి పాడతాడనుకున్నానే ఇన్నాళ్లూ!" అంది.

ఆడపిల్ల వేషంలో ఉన్న రాక్షసుడిలా సావిత్రి చూపే ఆ ఠీవి, ఆ చూపులు అమ్మ అంతవరకు చూడనే లేదు. డెబ్బై ఏళ్లు దాటాక చూసింది. పాట అయ్యాక "మళ్లీ పెట్టు" అంది. రెండుసార్లు పెట్టాను. మా పిల్లలు నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు.

'గుండమ్మ కథ' (1962)కి ఇంత తతంగం అక్కర్లేదు. అందులో ఎన్టీ రామారావుగారు పిండి రుబ్బుతూ పాడతారు కనుక మినప్పిండి వంటే ఉండాలని మా రూలు. అట్లంటే మళ్లీ పెనం దగ్గర నిలబడాలి. దిబ్బరొట్టి అయితే గ్లాసు మినప్పప్పు రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కడిగి కలిపి, నూనె వేసిన మందపాటి మూకుట్లో పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద వదిలేయడమే. సినిమాకి ముందే దింపి ముక్కలు కోసి, పక్కన ఆవకాయ పెడితే సరి. ఆ రోజు గ్రైండర్ దగ్గరి పని మా వారిది, కడగడంతో సహా. "రామారావుకి అంజి వేషంలో జీతమైనా ఇచ్చారు" అని సణుగుతూనే చేస్తారు.

అమ్మ సంక్రాంతికి వస్తానంది. ఈసారి 'మిస్సమ్మ' (1955) పెట్టమంది. దానికేం వండాలో ఇంకా తేల్చుకోలేదు. తొందరగా అయిపోతుందని ఉప్మా అన్నాను గానీ, మా వారూ పిల్లలూ ఒక్క గొంతుతో వద్దన్నారు. మీకేమైనా తోస్తే చెప్పండి, స్టవ్ మాత్రం ఆరున్నరకల్లా ఆరిపోవాలి.