పెద్దయ్యాక ఏమవుతావు?

నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా నన్ను ఒకటే ప్రశ్న అడిగేవారు: "ఏరా అబ్బాయ్, పెద్దయ్యాక ఏమవుతావు?" నేను నోరు తెరవకముందే మా నాన్నగారు, "డాక్టరవుతాడు," అనేవారు. నేను తల ఊపేవాణ్ణి.

ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షలో సైన్సులో నాకు 28 మార్కులే వచ్చాయి. దాంతో నాకు దిగులు పట్టుకుంది. అన్నం సయించేది కాదు, రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. డాక్టరును కాకపోతే ఎందుకూ పనికిరానని అనుకున్నాను.

మా తాతయ్య ఇది కనిపెట్టాడు. ఒకనాటి సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పాడు.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. పదమూడో ఏట, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. ఇంటివాళ్ళు వెనక్కు తెచ్చారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. తరవాత సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. అదీ సాగలేదు. మద్రాసులో వైద్యం చదివారు. చివరకు అమెరికాలో ప్రయోగశాలే ఆయన చోటయింది. 1925లో ఫిస్కెతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించారు. రక్తహీనతకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే తయారుచేసింది.

"పదమూడో ఏట ఆయన్ని అడిగితే, ఏమవుతానని చెప్పి ఉండేవాడు?" అన్నాడు తాతయ్య.

"అరటిపళ్ళ వర్తకుణ్ణని!" అన్నాను. చాలా రోజులకు నాకు నవ్వొచ్చింది.

"మరి నీకు ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదు?"

"పటాలు గీస్తుంటే," అన్నాను.

ఆ రాత్రి తాతయ్య పక్కన ఉండగా, "నాన్నగారూ, నేనేమవుతానో నాకింకా తెలియదండీ," అని చెప్పేశాను. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సరే, ముందు కడుపు నిండా అన్నం తిను," అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తరవాత నేను సర్వే శాఖలో చేరి చాలా ఏళ్ళు పొలాలు కొలిచాను, పటాలు గీశాను. ఇప్పుడు మీకోసం వ్యాసాలు రాస్తున్నాను. ఇది మాత్రం ఆ రోజున నాకూ తెలియదు, తాతయ్యకూ తెలియదు.

పిల్లలూ! ఆ ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా అడిగితే, "ఇంకా చూసుకుంటున్నాను," అనండి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. దిగులు పుడితే మాత్రం ఒంటరిగా మొయ్యకండి. ఇంట్లోనో, బడిలోనో ఒక పెద్దవారి పక్కన కూర్చుని చెప్పెయ్యండి.