తిలతండులమూ, నీరక్షీరమూ



నాకు ఈ మధ్య రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు. వయస్సు అటువంటిది. పుస్తకం పట్టుకుంటే కళ్ళు సహకరించవు. అందుచేత చెవులకే పని చెబుతున్నాను. అది కనిపెట్టిన మా మనుమరాలు ఒక రాత్రి తన ఇయర్‌ఫోన్లు తెచ్చి నా చెవులలో పెట్టి, "తాతయ్యా, ఇది విను. ఇందులో నువ్వు తిట్టుకునే మోత ఉండదు" అన్నది.

నేను తిట్టుకునే మోత ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. నేటి సినిమా పాటలో సాహిత్యం వాద్యఘోష క్రింద నలిగిపోతున్నదని నా ఫిర్యాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలచేత పద్యాలు వల్లె వేయించినవాణ్ణి. అక్షరం వినబడకపోతే నాకు అన్నంలో రాయి తగిలినట్లే ఉంటుంది.

ఆ రాత్రి విన్నది అరూజ్ ఆఫ్తాబ్ అనే గాయని పాట. ఆమె బాల్యం కొంత సౌదీ అరేబియాలో, తరువాత లాహోరులో గడిచింది. సంగీతం చదువుకోవడానికి అమెరికా వెళ్ళి, బోస్టన్‌లోని బర్క్‌లీ కళాశాలలో చదివి, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో స్థిరపడింది. 2021లో వచ్చిన 'వల్చర్ ప్రిన్స్' అనే ఆల్బమ్‌తో లోకానికి తెలిసింది. మరణించిన తమ్మునికి ఆమె దానిని అంకితం చేసింది. అందులోని 'మొహబ్బత్' పాటకు 2022లో గ్రామీ పురస్కారం లభించింది. ఆ పురస్కారం పొందిన తొలి పాకిస్తానీ కళాకారిణి ఆమెయే.

'మొహబ్బత్' నాకు కొత్త కాదు. హఫీజ్ హోషియార్‌పురీ వ్రాసిన ఆ గజల్‌ను మెహదీ హసన్ గొంతులో రేడియోలో విన్నవాణ్ణి. గజల్ అనగానే తబలా, హార్మోనియం, చరణం ముగియగానే శ్రోతల "వాహ్వా"లు మనకు గుర్తుకు వస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. గిటారు తీగలు నెమ్మదిగా కదులుతూంటాయి. వాటి నడుమ ఆమె ఒక మాట పలికి, మరొక మాటకు తొందరపడకుండా ఊరుకుంటుంది. మెహదీ హసన్ గానంలో విరహం నిండు సభలో చెప్పుకున్న విరహం. ఈమె గానంలో అది అందరూ వెళ్ళిపోయాక ఖాళీ ఇంట్లో తనకు తాను చెప్పుకున్నది. వింటున్నంతసేపూ ఇది హిందూస్తానీయా, జాజా, పాశ్చాత్య సంప్రదాయ సంగీతమా అన్న ప్రశ్న నాకు తట్టనేలేదు. తెల్లవారిన తరువాత తట్టింది.

భాషాప్రవీణ చదివే రోజులలో అలంకారశాస్త్రంలో మాకు ఒక పాఠం ఉండేది. ఒకే పద్యంలో రెండు మూడు అలంకారాలు కలిసివస్తే వాటి కలయిక రెండు విధాలు. నువ్వులూ బియ్యమూ కలిపినట్లు దేనికది విడిగా కనబడుతూ ఉంటే అది సంసృష్టి. దానిది తిలతండుల న్యాయం. పాలూ నీళ్ళూ కలిసినట్లు విడదీయరాకుండా ఉంటే అది సంకరం. దానిది నీరక్షీర న్యాయం. లోకంలో 'సంకరం' అనేది తిట్టు. శాస్త్రంలో అది అలంకారం పేరు! ఈ తమాషా ఏటేటా పిల్లలకు చెప్పి నవ్వించేవాణ్ణి కానీ, నాకు నేను చెప్పుకోలేదు. సంగీతంలో కలయిక అనగానే, ఏం కలిసిందో కూడా వినకుండా, లోకం వాడే అర్థంలోనే ఆ మాట వాడుతూ వచ్చాను.

నేడు మన చుట్టూ మోగే పాట చాలావరకు తిలతండులం. పల్లవిలో జానపదం, నడుమ నాలుగు పంక్తుల రాప్, ఆపైన రెండు ఆవృత్తాల స్వరాలు, చివర డోళ్ళు. చేటలో పోసి ఏరితే దేనికది వేరు చేయవచ్చు. సాలూరి రాజేశ్వరరావుగారి వంటివారి చేతిలో ఇదే సినిమా పాట నీరక్షీరమైన రోజులున్నవి కనుక, దోషం కలయికది కాదనీ, కలిపే ఓపికదేననీ ఇప్పుడనిపిస్తున్నది. అరూజ్‌కు ఆ ఓపిక ఉంది. ఆమెను ఏ అరలో సర్దాలో గ్రామీవారికే తోచినట్లు లేదు. 2024 మే నెలలో వచ్చిన 'నైట్ రెయిన్' ఆల్బమ్‌ను ఆల్టర్నేటివ్ జాజ్ విభాగంలో నామినేట్ చేసి, అందులోనిదే అయిన 'రాత్ కీ రాణీ' పాటను గ్లోబల్ మ్యూజిక్ విభాగంలో నామినేట్ చేశారు.

ఆ ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు. 'రాత్ కీ రాణీ'లో గొంతుకు ఆటోట్యూన్ పూత పూశారు. నా ముసలి చెవికి అది అంతగా రుచించలేదు. నన్ను పట్టుకున్నవి 'నా గుల్', 'సాఖీ' అనే రెండు పాటలు. 'సాఖీ'లో విజయ్ అయ్యర్ పియానో వాయించారు. మాటలు ఎవరివా అని మనుమరాలిచేత వెదికించాను. ఆ అమ్మాయి ఫోను చూసి, "ఎవరో మహలఖా బాయి చందా అట తాతయ్యా, హైదరాబాదే!" అన్నది.

మిత్రులారా, నేను పదకొండేళ్ళు పనిచేసిన పాఠశాల మేడమీది వరండాలోంచి మౌలాలి గుట్ట కనబడేది. ఆ గుట్ట దిగువనే ఆమె సమాధి ఉన్నది. 1768లో పుట్టి 1824లో మరణించిన ఆ విదుషి నిజాము దర్బారులో నర్తకి, గాయని, కవయిత్రి. తన గజళ్ళను దీవాన్‌గా కూర్చుకున్న తొలినాటి ఉర్దూ కవయిత్రులలో ఒకరు. మహలఖా అంటే చంద్రవదన. ఆమె కవితాముద్ర 'చందా'. ఆఫ్తాబ్ అంటే సూర్యుడు. రెండువందల ఏళ్ళ తరువాత సూర్యుని వెలుగు పడి ఈ చంద్రబింబం నాకు కనబడింది. అదీ బ్రూక్లిన్ మీదుగా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అదే పాఠశాలలో ఒకనాడు మొల్ల పాఠం చెబుతూండగా తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, ఆడవాళ్ళలో మొల్ల ఒక్కరేనా వ్రాసింది?" అని అడిగింది. నాకు ముద్దుపళని పేరు తెలుసు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఆమె వ్రాసిన రాధికాసాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి అచ్చువేయించారనీ, తరువాత ప్రభుత్వం దానిని నిషేధించిందనీ తెలుసు. అయినా వేశ్య వ్రాసిన కావ్యం పేరు తరగతిలో ఎత్తడమేమిటన్న సంకోచంతో, "ముందు పాఠం చూడు, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చున్నది. మళ్ళీ ఏనాడూ నన్ను ప్రశ్న అడగలేదు. కిటికీలోంచి గుట్ట కనబడుతూనే ఉంది. ఆ క్రింద మరొక కవయిత్రి ఉన్నదని నాకు తెలియను కూడా తెలియదు. తెలిసిన ఆమెను దాచాను, తెలియని ఆమెను వెదకలేదు.

పోయిన నెలలో ఒక ఉదయం మనుమరాలిని వెంటబెట్టుకుని ఆటోలో మౌలాలి వెళ్ళాను. చందా తన తల్లికోసం కట్టించి, చివరకు తానూ ఆ ప్రక్కనే ఒరిగిన ఆ సమాధిమందిరాన్ని 2010-11 కాలంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు. మేము వెళ్ళేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. గోడ ప్రక్కన నీడలో నిలబడి, చెరొక చెవిలో ఒక ఇయర్‌ఫోను పెట్టుకుని 'నా గుల్' విన్నాము. ప్రక్కన ఆటోల హారన్లు, ఎవరి ఇంట్లోనో మోగుతున్న సినిమా పాట. వాటి మధ్య ఆ గొంతు ఏమీ పోటీపడలేదు. పాట ముగిశాక మనుమరాలు అడిగింది. "తాతయ్యా, ఇన్నేళ్ళు ఇక్కడే పనిచేశావు కదా, ఎప్పుడూ రాలేదా?"

ఈసారి "కూర్చో" అనలేదు. రాలేదని చెప్పాను. ఎందుకు రాలేదో కూడా చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ముద్దుపళని కథ చెప్పాను. ఆ కవయిత్రులిద్దరూ పుట్టినది ఒకే శతాబ్దిలోనే.

నాటి నా శిష్యురాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలియదు. ఎక్కడైనా కనబడితే ఆమె ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నానని ఒప్పుకోవాలి. మీలో బడిలో పాఠాలు చెప్పేవారుంటే ఆ జవాబు నా బదులు మీరు చెప్పండి. ఒక రాత్రి దీపం తగ్గించి ఆ రెండు పాటలూ వినండి. ఉర్దూ రాకపోయినా ఫరవాలేదు. నాకూ సగమే అర్థమైంది.