ఏడు శనివారాల కుక్క

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమని ఎవరన్నారో గాని, కుక్కని మాత్రం సరిగ్గా చూసి అన్నమాట కాదది. కుక్క నిక్షేపంగా ఈదుతుందండి. నడిమధ్యలో తోక వదిలేసేది మనమే. ఇదేదో సామెతని దిద్దుదామని చెప్పడం కాదు, మొన్న శ్రావణం నుంచి మార్గశిరం దాకా నేను పడ్డ అవస్థ. చలి మొదలైంది. పెరట్లో ఎండిన కొబ్బరి మట్టలకి కొదవ లేదు, మంట వేశాను. అలా ఆ బల్ల మీద కూర్చోండి. మా ఆవిడ టీ పెడుతోంది, ఈలోగా చెబుతాను.

మాది వాడపల్లి, ఆత్రేయపురం మండలం. గౌతమి గట్టునే ఊరు. ఏడు శనివారాల వెంకన్న అంటే ఇట్టే గుర్తుపడతారు. ఎర్రచందనపు స్వామి. ఏడు శనివారాలు వచ్చి, వచ్చిన ప్రతిసారీ ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. మిగతా రోజుల్లో కొబ్బరికాయ రాలితే వినపడే వీధి మాది. శనివారం తెల్లారేసరికి మా గేటు ముందు కారు వెనక కారు. నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరైనవాణ్ణి. నీళ్ళయితే క్యూసెక్కుల్లో చెప్పగలను గాని, ఈ జనాన్ని కొలిచే స్కేలు నా సర్వీసులో ఎక్కడా తగల్లేదు.

అలాంటి ఒక శ్రావణ శనివారం సాయంత్రం కార్లన్నీ వెళ్ళిపోయాయి, ఒక కుక్క మిగిలింది. గోధుమరంగు, ఆడది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. పొట్ట కింద పాలు తాగిన పిల్లల ఆనవాళ్ళు వేలాడుతున్నాయి, పిల్లలు మాత్రం లేవు. మెడ చుట్టూ బొచ్చు గుండ్రంగా అణిగిపోయి ఉంది. బెల్టు ఉండేదన్నమాట. తీసేసి మరీ వదిలారు. వెళ్ళే ప్రతి కారు దగ్గరికీ పరిగెత్తి తలుపు వాసన చూసి, మళ్ళీ అదే చోటికొచ్చి కూర్చుంది. చీకటిపడ్డాక కూడా లేవలేదు. మర్నాడు కూడా లేవకపోతే మా ఆవిడే అన్నం, పాలు కలిపి పట్టుకెళ్ళింది. పూతరేకులా ఇంత పల్చగా ఉందేమిటని అంది. అదే పేరైపోయింది: రేకు.

జంతువుని ఆకలిదప్పులకి వదిలేసి పోవడం నేరమేనండి, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయలకి తగ్గకూడదు, 50కి మించకూడదు. అంటే శనివారం మా ఊళ్ళో కొబ్బరికాయా, రెండు అరటిపళ్ళూ కొన్నంత కూడా కాదు. ఆ లెక్కన కుక్కని వదిలేసినవాళ్ళు చట్టానికి భయపడాలని అనుకోవడం నా అమాయకత్వం.

సరిగ్గా ఆ రోజుల్లోనే పేపర్ల నిండా కుక్కలు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది సుప్రీంకోర్టు. పదకొండు రోజులకి, 22న, ఆ మాట మార్చింది: ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. ఎవరైనా పెంచుకుంటానంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాకపోతే ఆ కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే పూచీ వాళ్ళదేనని కూడా ఉంది అందులో. అందరూ షెల్టర్లూ, తిండీ, కాట్లూ అని వాదించుకుంటున్నారు గాని, నాకు మాత్రం ఆ ఒక్క ముక్క దగ్గరే చూపు ఆగింది. అదే నెలలో హైదరాబాదు కార్పొరేషన్ వాళ్ళు జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ పిల్లల దత్తతకి ఓ మేళా పెట్టారు. ఆ నగరంలో అమల, నాగార్జున దంపతుల బ్లూ క్రాస్ 1992 నుంచీ ఉంది. విశాఖలో 1996 నుంచి ఓ జంతు సంరక్షణ సంఘం పనిచేస్తోంది. నా దగ్గరున్న సంస్థల్లా నా ఫోను, మా ఆవిడ ఓపిక. రెండూ పాతవే.

మనమే ఉంచుకోవచ్చు కదా అంటారేమో. మా పిల్లలు ఏడాదిలో నాలుగు నెలలు మమ్మల్ని వాళ్ళ ఊళ్ళకి తిప్పుతారు. ఆ నాలుగు నెలలూ దీనికి గేటే గతి. అందుకని సంబంధాలు వెతకడం మొదలెట్టాను.

ఇక్కడే నా మొదటి తప్పు. ఆడపిల్లకి పెళ్ళి చేసేటప్పుడు నాలుగు ఊళ్ళు ఆరా తీసినవాణ్ణి, దీన్ని మాత్రం మూడువారాలు తిరక్కుండానే అంటగట్టేశాను. కాలవ అవతల ఊళ్ళో కొబ్బరితోటున్న ఆసామి అడిగాడు. "కాపలాకి పనికొస్తదాండీ?" అన్నాడు. రేకు అప్పటిదాకా ఎవర్నీ చూసి మొరిగింది లేదు. అయినా "ఆయ్, పులండీ" అన్నాను. ఎలాగైనా వదిలించుకోవాలన్న తొందర నా చేత అబద్ధం ఆడించింది. నాలుగోరోజు ఎందుకో మనసాగక బండేసుకుని వెళ్ళాను. మోటారు షెడ్డు రాటకి గొలుసు, మూరెడుంటుంది. పడుకోడానికి వీలుంది, తిరగడానికి లేదు. పక్కనే సత్తు గిన్నెలో అన్నం ఎండిపోయి ఉంది. ఆసామి చెడ్డవాడు కాదండి. "రాత్రి దొంగలొచ్చినా నోరెత్తలేదండి, అందుకే షెడ్డు దగ్గర కట్టేశాం, అలవాటవుద్దని" అన్నాడు. పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేయడం కూడా అదే 11వ సెక్షన్‌లోకొస్తుందని నోటిదాకా వచ్చింది. పులని చెప్పిందెవరు? నేనే. నోరు మూసుకుని గొలుసిప్పి తెచ్చుకున్నాను. దారంతా బండి ముందు నిలబడి, గాలికి చెవులు వెనక్కి పెట్టుకుని, ఒక్కసారి కూడా దూకలేదు.

తర్వాత ఫోన్లు. మా అల్లుడు దాని ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. మొదటి ప్రశ్న అందరిదీ ఒకటే: "జాతేంటండీ?" గోదారి జిల్లా జాతండీ అనేవాణ్ణి. రెండోది: "మగదా, ఆడదా?" ఆడదనగానే "వద్దండి బాబూ". ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తది, వీధి కుక్కలన్నీ గేటు ముందుంటాయి, పిల్లల్ని ఎవరు మోస్తారు? వాళ్ళ భయం భయమే. మెడలో బెల్టు తీసేసి దీన్ని వదిలేసినవాళ్ళదీ అదే భయం అయ్యుండాలి. ఆశ్వయుజంలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి నులిపురుగుల మందు పట్టించి, రేబిస్ టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. కుట్లు నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు పెట్టారు. దాంతో తలుపులన్నిటికీ గుద్దుకుంటూ పదిరోజులు తిరిగింది. మా ఆవిడ పనులన్నీ మానుకుని గుమ్మాల దగ్గర కాపలా కాసింది. ఎవరన్నారండీ కాపలా కుక్కే కాయాలని?

ఆపరేషనయ్యాక అడిగేవాళ్ళు పెరిగారు. ఈసారి తొందరపడలేదు. పట్నం నుంచి ఓ జంట వచ్చింది, కొడుకు పుట్టినరోజుకి కానుకట. కుర్రాడు ముచ్చటగానే ఉన్నాడు. "తిరుపతి వెళ్తే దీన్నెక్కడుంచుతారమ్మా?" అన్నాను. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, టీ తాగి వెళ్ళారు. మంచివాళ్ళు, ఆ చూసుకోవడం మా ఇంట్లోనే చూసుకున్నారు, దీన్ని ఇంటికి తీసుకెళ్ళాక కాదు.

తులసిమాలలు అమ్మే ఆవిడ సంగతి చెప్పాలి. లంక గ్రామం నుంచి శనివారాలు వచ్చి, మా అరుగు చివర బుట్ట దించుకుంటుంది. కార్తీకంలో ఓ సాయంత్రం బుట్ట ఖాళీ అయ్యాక అడిగింది: "ఈ పిల్లని ఎవరికన్నా ఇస్తారాండీ? ఏడు వారాల్నుంచి చూస్తన్నాను."

జాతి అడగలేదు. ఆడో మగో అడగలేదు, కళ్ళున్నాయి కదా. "ఉరుమంటే జడుత్తదా? రాత్రి ఎక్కడ పడుకుంటది? హెల్మెట్టు వాళ్ళని చూసి మూలకెందుకు పోతదండీ?" హెల్మెట్ సంగతి నాకే తెలీదు. నాలుగు నెలలు నా ఇంట్లో తిరిగితే నేను పట్టుకోలేనిది, ఆవిడ మాలలు కట్టుకుంటూ పట్టుకుంది. నేనూ ఈసారి దాచలేదు. ఎడమ చెవి ముట్టుకుంటే గుర్రుమంటుందని, చెప్పులు ఎత్తుకుపోయి మందారం కింద పాతేస్తుందని, చేప ముల్లు వాసనొస్తే ఎవరి ఇల్లయినా సరే దూరుతుందని, దొంగలొస్తే తోక ఊపుతుందని చెప్పాను. "మా ఇంట్లో దొంగలు ఎత్తుకుపోయేదేముందండీ" అంది.

నా అసలు ప్రశ్న అప్పుడడిగాను. కోనసీమలో కుక్కకి సంబంధం చూసేవాడు ముందు అడగాల్సిందే అది: "వరదొస్తే?"

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. నా ఉద్యోగమంతా ఆ అంకెల చుట్టూనే తిరిగింది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ పూట లంకల నుంచి జనం పడవలెక్కుతుంటే వెనక అరుగుల మీదా, చూరుల మీదా నిలబడ్డ కుక్కల్ని చూశాను. మొరగవండి అవి అప్పుడు. పడవ వంక చూస్తాయి, అంతే. ఆ చూపు మళ్ళీ చూడలేను.

ఆవిడ కొంగు దులుపుకుంది. "మొన్నటి పెద్ద వరదకి పడవోడు కుక్కనెక్కించనన్నాడండి. గేదెలకీ వద్దన్నాడు. అయితే మేమూ రామన్నాం. ఆఖరికి ఇంకో పడవ వచ్చింది. గట్టు మీద టార్పాలిన్ కింద పదకొండు రోజులు మేం, గేదెలు, కోళ్ళు, మా పాత కుక్క. అది నిరుడు ముసలిదై పోయింది. మా ఆయన ఇంకోదాన్ని తేవద్దన్నాడు ఇన్నాళ్ళూ." కాసేపాగి, "ఇది నీళ్ళకి జడుత్తదా?" అంది.

అదీ తెలీదు నాకు. ముగ్గురం రేవుకి వెళ్ళాం. కార్తీకం కదా, మెట్ల మీద ఆరిపోయిన దీపాల దొప్పలున్నాయి. రేకు రెండు మెట్లు దిగి వాసన చూసి, ముందుకాళ్ళు ముంచింది. ఓ దొప్ప తేలుతూ వస్తే మూతితో నెట్టింది. తర్వాత మోకాళ్ళ లోతుకి దిగి చప్పుడు చేస్తూ నీళ్ళు తాగింది. ఆవిడ నా వైపు చూసి తలూపింది.

అయినా వెంటనే ఇవ్వలేదు. ఆ బుధవారం వాళ్ళ లంకకి వెళ్ళి ఇల్లు చూశాను. రేకుల కప్పు, తాటాకు చూరు, గేదెల పాక, మూడు మెట్ల ఎత్తైన అరుగు. మొగుడు మొదట మాట్లాడలేదు. వెళ్ళొస్తానని లేస్తే, "గొలుసు తేకండి, మా ఇంట్లో ఉన్నవి గేదెల పలుపులే" అన్నాడు. శనివారం రేకుతో పాటు దాని సత్తు గిన్నె, టీకా కార్డు, అది పడుకునే నా పాత లుంగీ ఇచ్చాను. కొత్తచోట ఆ వాసన రెండు మూడు రాత్రులు తోడుంటుంది. సరిపడకపోతే ఏ వేళయినా తెచ్చేయమని, మా గేటు తీసే ఉంటుందని చెప్పాను. ఆవిడ బుట్టలో గిన్నె పెట్టుకుని ముందు నడిచింది. రేకు మా ఆవిడని ఓసారి, ఆవిడని ఓసారి చూసి, గిన్నె ఎటు పోతే అటే పోయింది. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మొన్న శనివారం మాలల ఆవిడ ఒక్కతే వచ్చింది. గుండె జారింది. "రేకేదమ్మా?" అన్నాను. "గేదె ఈనిందండి. దూడ దగ్గర కూర్చుంది, లేవదే!" అంది.

అదే సాయంత్రం కార్లన్నీ పోయాక మా గేటు ముందు ఇంకో రెండు మిగిలాయి. అదిగో, మీ కాళ్ళ దగ్గరున్న ఆ గోనెసంచిలో పడుకున్నవే. రెండూ ఆడవి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించి ఇస్తాను, ఆపరేషన్ వేళకి డబ్బులు నేనే పెట్టుకుంటాను. మీకేమన్నా ఆలోచనుంటే చెప్పండి. వచ్చే బుధవారం ఖాళీగానే ఉన్నాను, మీ ఇల్లు చూడ్డానికొస్తాను.