తాకే చెయ్యి, దాచే పెట్టె

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. దాన్నిండా నాయన దాచిన కాసెట్లు, మొత్తం నలభై. అన్నీ భారతాలే. మా చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ధర్మరాజుల గుడికాడ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజైతే చుట్టుపక్కల ఊర్లన్నీ భారతం మిట్ట మీదే ఉంటాయి. నాయన టేప్ రికార్డరు చంకన పెట్టుకుని ఆ భారతాలకు తిరిగేవాడు. ప్రతి కాసెట్టు మొదట్లో తన గొంతుతో ఊరి పేరు, తేదీ, ఆ రోజు జరిగే కథ చెప్పి, ఆ తర్వాతే హరికథలోకి పోనిచ్చేవాడు.

నాయన పోయాక పెట్టె దించి చూస్తే కొన్ని టేపులకు బూజు పట్టింది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, అమ్మ ఎప్పుడు వినాలంటే అప్పుడు వినేట్టు ఇంట్లోనే ఒకచోట పెట్టాలనుకున్నాను. ఇంటిల్లిపాది ఫొటోలు కూడా ఒక్కో ఫోన్లో ఒక్కో కుప్పగా పడి ఉన్నాయి. వాటికీ అదే చోటు. ఆ నెలలోనే దామలచెరువు దగ్గర మామిడితోట ఉన్న మా బావ ఇంకో పని చెప్పాడు.

"బామ్మర్దీ, తోటలో నీళ్ల తొట్టి నిండిందో లేదో ఇంటికాడ్నుంచే తెలిసేట్టు ఏమన్నా చెయ్యి. దినామూ బండేసుకుని పోయి చూసొచ్చేదానికే పొద్దు పోతా ఉంది. రాత్రిపూట పందులు గూడా వస్తా ఉండాయి."

నేను వారమంతా చెన్నైలో ఉద్యోగం చేసి, వారం చివర సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఇల్లు చేరేవాణ్ని. ఆ వారం రిచ్చీ స్ట్రీట్‌కు పోయి రెండు వస్తువులు కొనుక్కొచ్చాను. ఒకటి రాస్ప్‌బెర్రీ పై 5, ఏటీఎం కార్డంత పలక. ఇంకొకటి మినీ పీసీ, చిన్న టిఫిన్ డబ్బా అంత. రెంటినీ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని, ఇంటి పనులకు ఈ రెంటిలో ఏది మేలు అని ఆలోచిస్తూ ఒక ఎండాకాలమంతా గడిపాను.

పలక మీద నాకు మొదటినుంచీ మమకారం. దాని మొదటి రకం 2012 ఫిబ్రవరి 29న, నాలుగేండ్లకోసారి వచ్చే రోజున, అమ్మకానికి వచ్చింది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ చదువుకు దరఖాస్తు పెట్టే పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారని, వచ్చేవాళ్లకు కూడా యంత్రాన్ని విప్పి చూసిన అనుభవం ఉండడం లేదని గమనించి, ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్లు దాన్ని తయారుచేశారు. అప్పుడు దాని వెల 35 డాలర్లు, మెమరీ 256 ఎంబీ. పాడవుతుందేమోనని పెద్దలు కేకలు వేయనక్కరలేని కంప్యూటరు ఒకటి పిల్లల చేతిలో ఉండాలన్నది వాళ్ల కోరిక. దానికి పైపెట్టె లేదు, మూత లేదు. చిప్పులన్నీ కంటికి కనబడతాయి. ఒక అంచున పిన్నుల వరుస ఉంటుంది. 2014 నుంచి ఆ పిన్నులు 40 అయ్యాయి. నేను మొదటిసారి ఒక పిన్నుకు చిన్న ఎల్ఈడీ తగిలించి, నాలుగు వరుసల పైథాన్ రాసి వెలిగించిన రాత్రి ఇప్పటికీ గుర్తుంది. అంతవరకూ నాకు కంప్యూటర్ అంటే తెర మీద జరిగే వ్యవహారమే. ఆ రాత్రి అది తెర దాటి చెయ్యి చాపినట్టనిపించింది.

మినీ పీసీకి అట్లాంటి పుట్టుక కథ లేదు. ఆఫీసుల్లో మానిటర్ వెనక తగిలించి పెట్టే పెట్టెలు అవి. ఆఫీసులు కొత్తవి కొనుక్కున్నప్పుడు పాతవి రిచ్చీ స్ట్రీట్‌కు వస్తాయి, బాగుచేసి అమ్ముతారు. 2023 మొదట్లో ఇంటెల్ ఎన్100 చిప్పు వచ్చాక కొత్తవి కూడా మనలాంటివాళ్లకు అందే ధరకు దిగాయి. నాలుగు కోర్లు ఉన్నా ఆ చిప్పుకు 6 వాట్ల కరెంటు చాలు. మెమరీ, ఎస్ఎస్‌డీ, ఫ్యాను, అడాప్టరు అన్నీ దాంతోనే వస్తాయి. మామూలు పీసీకి రాసిన ప్రోగ్రాం ఏదైనా దాంట్లో పెట్టుకోవచ్చు. పలకలో ఉండేది సెల్‌ఫోన్లలో వాడే ఏఆర్ఎం జాతి చిప్పు. ఏ ప్రోగ్రామైనా దానికోసం వేరుగా తయారై ఉంటేనే నడుస్తుంది. అయితే మినీ పీసీకి పిన్నులు లేవు. ఒక దీపాన్ని వెలిగించాలన్నా, తొట్టిలో నీళ్లెంతున్నాయో చూడాలన్నా దానికి ఇంకో వస్తువు సాయం కావాలి.

ధర విషయానికొస్తే, పలక ఒక్కటే చూసినప్పుడు చాలా చవకగా కనబడింది. పై 5కు 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కొన్నాను. వేడికి ఫ్యాను, దుమ్ముకు డబ్బా, ఫైళ్లకు మెమరీ కార్డు కొన్నాను. అన్నీ కూడితే మొత్తం మినీ పీసీ ధరకు దగ్గరగా వచ్చింది. కరెంటు లెక్క కూడా కాగితం మీద వేశాను. పలక సగటున 3 వాట్లు తాగుతుందనుకుంటే నెలకు రెండు యూనిట్ల పైచిలుకు. మినీ పీసీ 10 వాట్లనుకుంటే ఏడు యూనిట్లు. పాత రకం సీలింగ్ ఫ్యాను పది గంటలు తిరిగితే అయ్యే కరెంటుతో మినీ పీసీ మూడు రోజులు మేలుకొని ఉంటుంది. తేడా ఉన్న మాట నిజమే. కానీ ఆ తేడాను చూసి ఒకదాన్ని వద్దనుకునేంత లేదు.

కాసెట్లను మొదట పలకలోకే ఎక్కించాను. మమకారం అట్లా చేయించింది. తొంభై నిమిషాల కాసెట్టును ఎక్కించడానికి తొంభై నిమిషాలూ అది తిరగాల్సిందే. శనివారాలు, ఆదివారాలు కూర్చుని పదకొండు కాసెట్లు పూర్తిచేశాను. సీడీ నాణ్యతలో నిమిషానికి పది ఎంబీ చొప్పున ఒక్కొక్కటి దాదాపు 950 ఎంబీ వచ్చింది. నలభై కలిపినా 40 జీబీ దాటవు, చోటుకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మే నెలలో వచ్చింది. మా తిరుపతి ఎండకు గోడలే కాలుతుంటాయి. పలక 80 డిగ్రీలు దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సాయంత్రమైతే గాలివాన. చెట్టుకొమ్మ తీగమీద పడితే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. మెమరీ కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలో కరెంటు పోతే, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పద్దు సగంలో ఆగిపోతుంది. ఒకటి రెండుసార్లు లేచి నిలబడింది. ఆ తర్వాత ఒకరోజు లేవలేదు. పదకొండు కాసెట్ల పనీ పోయింది.

కాసెట్లు ఉన్నాయి కదా అనుకుని మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి తిరిగేటప్పుడు కీచకవధ టేపు తెగింది. అతికించాను గానీ, తెగినచోట కొంత కథ పోయింది. రెండో ప్రతి తీసి పెట్టుకోకపోవడం నా తప్పు. ఆ నష్టం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పై 5కు కార్డుకు బదులు ఎస్ఎస్‌డీ తగిలించి ఉంటే ఈ ముప్పు చాలావరకు తప్పేది. అయితే ఆ రాత్రి అమ్మ అడిగిన మాటకు ఎస్ఎస్‌డీ ఒక్కటే జవాబు కాదు.

"నువ్వు మదరాసులో ఉంటావు. నువ్వు ల్యాకుంటే దీన్ని ఎవురు చూసేది నాయనా?"

మరుసటి వారం బావ దగ్గరికి పోతూ, చిత్తూరు రోడ్డులో బస్సు గాదంకి దాటుతున్నప్పుడు ఆ మాటే తలుచుకుంటూ ఉన్నాను. చదువుకునే రోజుల్లో ఒకసారి అక్కడి వాతావరణ పరిశోధనశాల లోపలికి పోయి చూశాను. 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న మైదానంలో వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024 యాంటెనాలు. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, పైపొరల గాలి మీద తగిలి తిరిగొచ్చే సన్నని జవాబును అవి అందుకుంటాయి. ఆ యాంటెనాలు ఎండలో, వానలో బయటే నిలబడి ఉంటాయి. అవి అందుకున్నదాన్ని లెక్కకట్టి దాచే కంప్యూటర్లు మాత్రం నీడపట్టున, గదిలో ఉంటాయి. ఆకాశాన్ని తాకే పని ఒకరిది, తాకి తెచ్చినదాన్ని దాచే పని ఇంకొకరిది. ఆ రెంటికీ ఒకే వస్తువును పెట్టాలని అక్కడ ఎవరూ అనుకోలేదు.

నేను ఇన్నాళ్లూ బల్లమీద రెండు యంత్రాలను పెట్టుకుని వాటి బలాలను పోల్చి చూస్తున్నాను. అమ్మ మాట, గాదంకి మైదానం కలిసి నా చూపును యంత్రాల మీదినుంచి పనుల మీదికి తిప్పాయి. తోటలో కావలసింది నీటినీ, మట్టినీ తాకే చెయ్యి. ఇంట్లో కావలసింది పోకుండా దాచే పెట్టె. తాకే చెయ్యి చిన్నదిగా, చవకగా, పోయినా మళ్లీ పెట్టుకోగలిగేదిగా ఉండాలి. దాచే పెట్టె గట్టిదిగా, నేను దగ్గర లేకపోయినా తన పని తాను చేసుకునేదిగా ఉండాలి.

పలకను తోటలో మోటారు షెడ్డుకు పంపాను. తొట్టి అంచున ఒక సెన్సరు, లేత అంట్ల పాదుల్లో తేమ చూసేవి రెండు. పలక పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు కాబట్టి ఆ లెక్కకు సరిపోయే సెన్సర్లే తెచ్చాను. మోటారు తీగల జోలికి నేను పోలేదు. మూడు ఫేసుల కరెంటు ఊరి ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాల్సినది. తొట్టి సంగతి ఒక్కటే అయితే ఈఎస్‌పీ32 అనే ఇంకా చిన్న చిప్పు సరిపోయేది. దాంట్లో చెడిపోవడానికి ఫైళ్ల పద్దులు ఉండవు, కరెంటు ఎన్నిసార్లు పోయినా లెక్కచేయదు. పందుల కోసం కెమెరా కావాలి కాబట్టి పలకను పెట్టాను. ఈసారి కార్డు మీద ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే వీలుండేట్టు కట్టడి చేశాను. నెట్ లేనప్పుడు కూడా సరైన సమయం తెలిసేట్టు, పలకలోనే ఉన్న గడియారానికి బిళ్ల బ్యాటరీ తగిలించాను. తాను చూసినదాన్ని అది ఇంటికీ, నా ఫోనుకూ పంపేస్తుంది, తన దగ్గర ఏమీ దాచుకోదు. రేపు పిడుగు పడి కాలిపోయినా పోయేది పలక ఒక్కటే.

మినీ పీసీ తిరుపతి ఇంట్లో టీవీ పక్కన కుదురుకుంది. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు మాది. బ్యాటరీ విలువ మాకెవరూ చెప్పనక్కరలేదు గదా అనుకుంటూ దాని కింద ఒక చిన్న యూపీఎస్ పెట్టాను. ఆ బ్యాటరీ కూడా అయిపోయి ఆరిపోతే, కరెంటు రాగానే ఎవరూ బటన్ నొక్కకుండా తానే లేచేట్టు బయాస్‌లో ఒక సెట్టింగు మార్చాను. కాసెట్లన్నీ దాంట్లోకి ఎక్కాయి. రెండో ప్రతి ఇంకో డిస్కులో బావ ఇంట్లో ఉంది. పెట్టె మీద తెల్లకాగితం అంటించి, అమ్మకు కనబడేంత అక్షరాలతో నాలుగు వాక్యాలు రాశాను: ఏ వైరు పీకకూడదో, ఏది పీకి మళ్లీ పెట్టవచ్చో. ఈ పనులన్నిటిలో నాకు ఎక్కువసేపు పట్టింది ఆ నాలుగు వాక్యాలే.

దాచడం గురించి మా ఊరికి పాత పాఠం ఒకటుంది. 1408లో పుట్టిన అన్నమయ్య 1503 వరకూ జీవించి, 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. రాసుకోవడానికి తాటాకు చాలు. తేలిక, చవక, గంటం ఉంటే చాలు. కానీ దాచాల్సి వచ్చేసరికి ఆయన వంశంవాళ్లు తాటాకును నమ్ముకోలేదు. కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీదికి ఎక్కించారు. బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, చెక్కడానికి పట్టే కాలం ఇంకా ఎక్కువ. తిరుమల గుడిలో తాళ్లపాక అరలో ఆ రేకులు శతాబ్దాల పాటు చీకట్లో ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ లోకానికి చేరాయి. ఇప్పుడు మన చేతికందినవి దాదాపు 14 వేలు. ఆ రేకులు చెక్కించినవాళ్లు అప్పటి పాటను ఎప్పటి చెవులకో దాచిపెట్టారు. నా ఎస్ఎస్‌డీ రాగిరేకు కాదని నాకు తెలుసు. దాని ఆయుష్షు కొన్ని ఏండ్లే. అందుకే దాచడం అంటే ఒకసారి పెట్టి మరిచిపోయే పని అనుకోను. డిస్కు పాతబడినప్పుడు కొత్తదానికి మార్చడం, ప్రతి సరిగ్గా ఉందో లేదో ఏటా తెరిచి చూడడం కూడా దాంట్లో భాగమే. ఉగాది రోజు ఆ పని పెట్టుకున్నాను.

నన్ను ఇప్పుడు ఎవరైనా ఈ రెంటిలో ఏది కొనాలి అని అడిగితే, ఏం తాకాలి, ఏం దాచాలి, నువ్వు ఊర్లో లేనినాడు ఎవరు చూస్తారు అని అడుగుతాను. ఆ మూడింటికి జవాబు చెప్పుకునేసరికి వాళ్లకే తెలిసిపోతుంది.

పోయిన వానాకాలం తిరుపతిలో పెద్దవాన పడింది. చెన్నైలో నా ఫోన్లో తోట కబురు వస్తూనే ఉంది: తొట్టి ముప్పావు, మట్టి తడి. ఇంటి పెట్టె మాత్రం రెండు గంటలు పలకలేదు. ఆ తర్వాత తానే పలికింది. అమ్మ దగ్గర్నుంచి ఫోను వస్తుందని రాత్రి పది దాకా చూశాను. రాలేదు. మరుసటి రోజు నేనే చేసి, కరెంటు పోయిందా అని అడిగాను.

"పోయింది, వచ్చింది. ద్రౌపది పెండ్లి సగంలో ఆగిపోయింటే మళ్లీ పెట్టుకునింటి. మీ నాయన ఊరి పేరు చెప్పేకాడ్నుంచీ విన్నా" అనింది. ఆ వెంటనే, ఈ వారం వస్తా ఉండావా, గోంగూర తెచ్చి పెట్టేదా అని అడిగింది.