పరుగుకు ముందు కాగితం

మా గూడెంలో డీఎడ్ చదివి పంతుళ్లమైన కోయోళ్లం ముగ్గురం. ముగ్గురికీ అన్నం పెట్టింది 2000 జనవరిలో వచ్చిన 3 నంబరు జీవో. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత మా వెనక పిల్లలకు "డీఎడ్ చేయండ్రా" అని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

అందుకే మేనల్లుడు ఇంటర్ అయ్యాక ఖమ్మంలో జిమ్ము ఊడ్చే పనికి కుదిరితే ఆపలేదు. ట్రైనర్ సర్టిఫికెట్ చేస్తాను, 40 వేలు కావాలి అన్నప్పుడు మాత్రం నవ్వాం. తునికాకు కట్టలు మోసేవాళ్లం, కావడి మోసేవాళ్లం. బరువెత్తడం నేర్చుకోవడానికి డబ్బు కట్టాలా? చివరికి వాళ్లమ్మ దాచుకున్న తునికాకు డబ్బులకు మేం తలా కొంత కలిపి పంపాం. నమ్మి కాదు, ఇంకో దారి చూపలేక.

పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఊరికి వచ్చినప్పుడల్లా మా ముందు పరిచేవాడు. కండరాల పేర్లు, కీళ్లు తిరిగే తీరు, గుండె వేగం లెక్క. గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎక్కడ నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఎలా నొక్కాలి. డీఎడ్‌లో మేం పిల్లల మనసు గురించి చదివాం గాని ఒంటి గురించి ఇంత చదవలేదు. వాడికి తెలుగులో చెప్పబోయి మేమే నేర్చుకున్నాం. మొదటిసారి పరీక్ష తప్పాడు, రెండోసారి గట్టెక్కాడు. దీంతో బళ్లో పీఈటీ ఉద్యోగం వస్తుందా అని చాలామంది అడిగారు. రాదు. దానికి డీపీఎడ్డో బీపీఎడ్డో ఉండాలి. వాడికి వచ్చేది జిమ్ములో కొద్దిపాటి జీతం, విడిగా నేర్చుకునేవాళ్లు కట్టే ఫీజులో వాటా.

కిందటి ఎండాకాలం వాడు ఊళ్లో ఉన్న నెల రోజులూ, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్లు 1600 మీటర్ల పరుగు నేర్పమని వెంటపడ్డారు. తెల్లారకముందే బడి మైదానానికి చేరారు. మేమూ వెళ్లాం.

"ఇంకేం, పరిగెత్తించరా" అన్నాం.

"పరుగు తర్వాత మామా. ముందు కాగితం."

జిమ్ములో ఎవరు చేరినా ముందు అడిగే ఏడు ప్రశ్నలట. గుండె జబ్బుందని డాక్టరు ఎప్పుడైనా చెప్పాడా? పని చేస్తుంటే ఛాతీలో నొప్పి వస్తుందా? కళ్లు తిరిగి పడిపోయావా? ఎముకల్లో, కీళ్లలో బాధ ఉందా? ఇట్లా. వాటి కింద ఎనిమిదోది వాడే రాసుకున్నాడు: మీ ఇంట్లో ఎవరికైనా సికిల్‌సెల్ ఉందా?

ఒక కుర్రాడు కీళ్ల దగ్గర ఆగాడు. చిన్నప్పటి నుంచీ నొప్పులే అన్నాడు. మేనల్లుడు వాణ్ని పరిగెత్తనివ్వలేదు. నీళ్లు తాగించి, నీడన కూర్చోబెట్టి, మర్నాడు బస్సెక్కించి రక్త పరీక్షకు తీసుకెళ్లాడు. సికిల్‌సెల్ జబ్బే అని తేలింది.

ఆ కుర్రాడు మా బడిలో చదివినవాడే. కాళ్లు నొప్పులంటే బద్ధకం అనుకున్నాం. ఆలస్యంగా వచ్చాడని అదే మైదానం చుట్టూ మూడు చుట్లు కొట్టించాం, ఒక్కసారి కాదు. ఒకరోజు పడిపోతే మొహాన నీళ్లు చల్లి ఇంటికి పంపాం. మర్నాడు రాలేదని హాజరులో సున్నా వేశాం. ఇప్పుడు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాం. తల్లి జావ ఇచ్చింది, ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

మేనల్లుడు మళ్లీ ఖమ్మం వెళ్లాడు. కాగితం మా దగ్గర ఉంచుకున్నాం. చిన్న తరగతుల వాళ్లకు అర్థం కావాలని ఎనిమిది ప్రశ్నలూ కోయలో రాశాం. రెండు మాటలకు మాకే కోయ తట్టక గూడెంలో ముసలమ్మను అడగాల్సి వచ్చింది.

జూన్‌లో బడి తెరిచాక మొదటి ఆటల గంటలో పిల్లల్ని మైదానంలోకి వదల్లేదు. వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగాం. ఎనిమిదో ప్రశ్నకు పదకొండు చేతులు లేచాయి. ఆ పేర్లు రాసి సాయంత్రమే ఏఎన్ఎమ్ చేతికి ఇచ్చాం.